పాత స్టంట్ కైట్లతో టీమ్ మొదలుపెట్టేవాళ్లు ముందు దారాలు చూసుకోండి

1990ల నాటి రెండు దారాల డెల్టా కైట్లు (రెండు చేతులతో తిప్పే త్రికోణపు స్టంట్ కైట్లు), ఒకే మోడల్‌వి మూడు దొరికాయి, ముగ్గురం టీమ్‌గా ఎగరేయడానికి పనికొస్తాయా, కొత్తవి కొనాలా అని అడిగారు. కొనకండి. నేను సియాటిల్ దగ్గర ఉంటాను. వాషింగ్టన్ రాష్ట్రంలోని లాంగ్ బీచ్ ఇసుకలో స్నేహితులతో కలిసి ఏళ్లుగా 'హవాయియన్ టీమ్ కైట్' అనే పాత మోడల్‌వే ఎగరేస్తున్నాను. శాన్ డియేగోలో డాన్ టేబర్ నడిపిన టాప్ ఆఫ్ ది లైన్ కంపెనీవి. ఇప్పటి కైట్లలో చాలావాటిని పల్టీల కోసం చేస్తున్నారు. పాతవి చేతిని గట్టిగా లాగుతూ తిన్నగా పోతాయి. ముగ్గురు ఒకరి వెనక ఒకరు సమాన దూరంలో నడవాలంటే కావాల్సింది అదే.

డబ్బు దారాల మీద పెట్టండి. ఆరు దారాలూ ఒకే రకం, ఒకే పొడవు ఉండాలి. మేం 120 అడుగులవి వాడతాం. స్పెక్ట్రా అనే సింథటిక్ దారం చాలా నున్నగా ఉంటుంది కాబట్టి నాలుగైదు మెలికలు పడ్డా జారుతుంది, కైట్ చెప్పినట్టే తిరుగుతుంది. పాత కైట్లతో పసుపు రంగు దారం వచ్చి ఉంటే అది కెవ్లార్ అనే ఇంకో రకం సింథటిక్ దారం కావచ్చు, పక్కన పెట్టేయండి. అది స్పెక్ట్రాను కోసేస్తుంది. సంక్రాంతికి మాంజాతో పక్కింటి పతంగి కోసిన చేతులు మనవి, ఇక్కడ మాత్రం దారాలు కలవాలి, తెగకూడదు. స్పెక్ట్రా వేడికి కూడా ఆగదు. ఒకరు కైట్‌ను కదలకుండా నిలిపి ఉంచినప్పుడు వాళ్ల దారం మీదుగా ఇంకొకరు వేగంగా పోతే, ఆ ఒక్కచోట రాపిడికి కరిగి తెగిపోతుంది. చివర్లకు తొడుగు వేసి, ముడి ఆ తొడుగుతో కలిపే వేయాలి.

కైట్లలో ముందు బ్రైడిల్, అంటే ఎగరేసే దారాలను కైట్‌కు కలిపే తాళ్లు చూడండి. కుడి, ఎడమ తాళ్లు పక్కపక్కన పట్టుకుని కొలవండి. అర అంగుళం తేడా ఉన్నా కైట్ ఒక పక్కకే లాగుతుంది. ముప్పై ఏళ్లకు ప్లాస్టిక్ జాయింట్లు బిరుసెక్కి పగులుతాయి, అవి మార్చేయండి. బ్రైడిల్ మీద దారం తగిలించే క్లిప్పులు మూడు కైట్లకూ ఒకే గుర్తు దగ్గర పెట్టండి.

ఇక ఎగరేయడం. కాల్, అంటే ఎప్పుడు ఏం చేయాలో అరిచి చెప్పడం, ఒక్కరే ఇవ్వాలి, మామూలుగా ముందు కైట్ ఎగరేసేవాళ్లు. మలుపులు రెండు రకాలు: ఆకాశంలో ఒకే చోటికి వచ్చాక ఒకరి తర్వాత ఒకరు తిరగడం, కాల్ వినగానే అందరూ ఎక్కడివాళ్లు అక్కడే తిరగడం. కాల్‌లో ఏ రకమో ముందే చెప్పి, "రెడీ" అని, ఒక క్షణం ఆగి "టర్న్" అనాలి. ఆ క్షణం ప్రతిసారీ ఒకేలా ఉండాలి, వెనకవాళ్ల చేతులు దాన్నే పట్టుకుంటాయి. వెనకున్నవాళ్లు తమ కైట్‌ను కాదు, ముందున్న కైట్ తోకను చూడాలి. మరీ దగ్గరైతే ముందుకు నడవండి, వేగం తగ్గుతుంది. దూరమైతే వెనక్కి నడవండి. కుడివైపు ఎన్ని చుట్లు తిరిగితే ఎడమవైపు అన్ని తిరిగి మెలికలు విప్పాలి. ఆ లెక్క కాల్ ఇచ్చేవాళ్లదే.

గాలి లేని రోజున చిన్న పుల్లల చివర కాగితం కైట్లు అంటించి, పక్కపక్కన నిలబడి మొత్తం వరుస చేత్తోనే చేసి చూడండి. పెద్ద టీమ్‌లు కూడా ఇలాగే ప్రాక్టీస్ చేస్తాయి.

మీ కైట్ల మోడల్, రెక్కల వెడల్పు రాయండి. విరిగిన పుల్లల స్థానంలో ఏవి వేయొచ్చో చెప్తాను.