రక్తహీనత ఉన్నవారికి సైనస్ శస్త్రచికిత్సలో రక్తం ఎక్కించాల్సి వస్తుందా?

హిమోగ్లోబిన్ 9.5 గ్రాములే ఉందని భయపడుతున్నవారికి మొదట చెప్పవలసింది, ఎండోస్కోపీతో, అంటే ముక్కులోకి సన్నని కెమెరా గొట్టం పంపి చేసే సైనస్ శస్త్రచికిత్సలో రక్తం ఎక్కించడం చాలా అరుదని. సాధారణంగా పోయే రక్తం కొద్దిపాటిదే. నిజానికి ఇక్కడ సర్జన్‌ను ఇబ్బంది పెట్టేది పోయిన రక్తం పరిమాణం కన్నా, ఆ గొట్టం కటకం (లెన్స్) మీద పడి దృశ్యాన్ని మసకబార్చే ఒక్క చుక్క. అందుకే తల వైపు కాస్త ఎత్తుగా ఉంచి, అడ్రినలిన్‌లో తడిపిన దూదిని ముక్కులో పెట్టి, రక్తపోటును అదుపులో ఉంచుతారు.

అయితే పెద్ద పాలిప్‌లు (ముక్కులో పెరిగే మెత్తటి కండలు), గడ్డలు ఉన్నప్పుడు, లేదా ముక్కుకు రక్తాన్ని అందించే స్ఫీనోపాలటైన్ ధమని వంటిది తెగినప్పుడు రక్తస్రావం పెరగవచ్చు. అప్పటికే హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న రోగి ఆ నష్టాన్ని తట్టుకోవడం కష్టం. స్థిరంగా ఉన్నవారికి సాధారణంగా హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితేనే, గుండె జబ్బు ఉంటే 8 దగ్గరే, రక్తం ఎక్కించే ఆలోచన చేస్తారు.

అత్యవసరం కాని శస్త్రచికిత్సను కొన్ని వారాలు వాయిదా వేసి, ముందుగా రక్తహీనతకు కారణం కనుక్కోవడమే నా దృష్టిలో తెలివైన పని. ఇనుము లోపమైతే మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది, వ్యవధి తక్కువైతే ఇనుమును సిరలోకి ఇస్తారు. ఆస్పిరిన్ వంటి మందులను సొంతంగా ఆపకుండా, వాటి సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.