సినిమాలో గొంతు, యాసని బట్టి క్యారెక్టర్ ఎట్టా తెలుస్తుంది?

మన నెల్లూరు సంగతే చూడండి, "ఎక్కడికి వెళ్తున్నావు" అనేవాడు వేరు, "యాడికి పోతుండావబ్బయా" అనేవాడు వేరు, ఆ ఒక్క ముక్కతోనే వాడి ఊరు, చదువు, ఎదుటోడితో చనువు అన్నీ తెలిసిపోతాయి. నాకైతే యాస మారే చోటే అసలు మజా, ఆఫీసర్ ముందు పుస్తకాల తెలుగు మాట్లాడినోడు కోపమొచ్చి "ఏందిరా నీ కత" అన్నాడంటే లోపలి మనిషి బయటపడ్డట్టే. గొంతుకొస్తే, 2008 దశావతారం తెలుగు డబ్బింగ్‌లో కమల్ హాసన్ పది వేషాల్లో ఏడింటికి మన ఎస్పీ బాలు గారే చెప్పారు, మేకప్ ఎంతున్నా మనిషి తేడా చెవికి తెలిసిపోద్ది. ఊరికే కామెడీకి యాస అతికిస్తే మాత్రం నాకు చిరాకు. పాత సినిమాల కమెడియన్ రమణారెడ్డి గారి నెల్లూరు యాస అట్టాంటిది కాదు, అది ఆయన సొంత ఊరి మాట.