నోటీసు వచ్చిందంటే వీసా పోయినట్టు కాదండీ

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. అబ్బాయి అమెరికాలో ఎంఎస్ రెండో సెమిస్టర్. అసైన్‌మెంట్‌లో ఫ్లాట్‌మేట్ కోడ్ కాపీ కొట్టాడని యూనివర్సిటీ నోటీసు ఇచ్చింది, పన్నెండు రోజులకు గానీ మాకు చెప్పలేదు. డీన్‌కి నేనే మెయిల్ పెట్టాను. వీసా తీసేస్తారా? వెనక్కి పిలిపించేయడం మేలా, వేరే యూనివర్సిటీకి మార్పించడం మేలా? ఎంత ఖర్చయినా ఎవరితోనైనా మాట్లాడి సెటిల్ చేయించాలని ఉంది. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. దాన్ని డిగ్రీకి, అంటే బీఎస్‌కి, అక్కడికే పంపొచ్చా?

జవాబు: మీరు పంపిన నోటీసు ఫొటో రెండుసార్లు చదివానండీ. రెండో లైన్లోనే ‘ఎలెజ్డ్’ అని ఉంది. అంటే ఆరోపణ వచ్చింది, ఫలానా తేదీన వచ్చి నీ మాట చెప్పుకో అని. మీరు దాన్ని తీర్పు అనుకుని చదివారు. ఈ వైపు నుంచి ఇలాంటి ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది, అడిగేది వీసా గురించే అయినా లోపల ఉన్న భయం అప్పు గురించి, ఊళ్లో నలుగురికీ ఏం చెప్పాలన్న దాని గురించి. అందుకే ముందు ధైర్యం చెబుతున్నాను. మొదటిసారి, అదీ ఒక్క అసైన్‌మెంట్ అయితే చాలా యూనివర్సిటీల్లో దానికి సున్నా వేస్తారు, లేదంటే ఆ సబ్జెక్టులో ఎఫ్, అంటే ఫెయిల్, ఇచ్చి హెచ్చరిస్తారు. దాంతో జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, పడిపోతుంది, ఎంఎస్‌లో చాలాచోట్ల 3.0 నిలబెట్టుకోవాలి కాబట్టి తర్వాతి సెమిస్టర్లో కష్టపడాలి, కానీ అంతమాత్రాన వీసా పోదు. సస్పెండ్ చేస్తేనో, యూనివర్సిటీ నుంచి తీసేస్తేనో సెవిస్ రికార్డు, అంటే విదేశీ విద్యార్థుల మీద అమెరికా ప్రభుత్వం పెట్టుకునే రికార్డు, రద్దవుతుంది. అసలు ప్రమాదం అక్కడుంది.

అక్కడిదాకా వెళ్లిన పిల్లల్లో నేను చూసినవాళ్లు కాపీ వల్ల కాదు, కంగారు వల్ల వెళ్లారు. మెయిల్ తెరవకపోవడం, విచారణకు పోకపోవడం, క్లాసులు మానేసి రూమ్‌లో పడుకోవడం, ఫ్రెండ్ చెప్పాడని ఆ కోర్సు డ్రాప్ చేసేయడం. డీఎస్‌వో, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి, అనుమతి లేకుండా కోర్సు వదిలేసి ఫుల్‌టైమ్ క్రెడిట్లు తగ్గాయంటే ఎఫ్-1 స్టూడెంట్ వీసా నిబంధన తప్పినట్టే. క్లాసులు ఎగ్గొడితే వీసా రద్దు కావచ్చని 2025 మేలో ఢిల్లీలోని అమెరికా ఎంబసీ కూడా హెచ్చరించింది. తెల్లవారుజామున రొయ్య పైకి తేలితే మీరేం చేస్తారు? ముందు ఏరేటర్లు వేయిస్తారు, నీళ్లు ల్యాబ్‌కి పంపుతారు, చెరువు పట్టేయడం మాట తర్వాత. ఇదీ అంతే.

ఇంకోటి, కాపీని వాడు తప్పని అనుకోలేదు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ రికార్డు ఎలా రాస్తారో నాకు తెలుసు: సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని రీడింగులతో సహా ఎక్కిస్తారు, మేడమ్ సంతకం పెట్టేస్తారు. నాలుగేళ్లు అలా రాసినవాడు అక్కడ ఫ్లాట్‌మేట్ కోడ్ తీసుకుని వేరియబుల్స్ పేర్లు మారిస్తే సరిపోతుందనుకున్నాడు. కోడ్ పోలికలు పట్టే మాస్ అనే సాఫ్ట్‌వేర్ 1994 నుంచీ ఉంది, పేర్లు మారిస్తే అది మోసపోదు. కోడ్ ఇచ్చినవాడిదీ తప్పే అంటారు చాలాచోట్ల, అందుకని స్నేహితుణ్ని కాపాడాలని వాడు అబద్ధం చెప్పకూడదు. చేసి ఉంటే చేశానని చెప్పమనండి, చేయకపోతే తను రాసుకుంటూ వచ్చిన డ్రాఫ్టులు, తేదీలు చూపించమనండి. జవాబు వాడే రాయాలి, చాట్‌జీపీటీతో రాయిస్తే ఆరోపణలు రెండు అవుతాయి.

ఇప్పుడు మీ సంగతి. కోపం తెచ్చుకోకండి. మీరు డీన్‌కి మెయిల్ పెట్టానన్నారు. అక్కడ ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది, కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, వాడు రాసివ్వకపోతే మామూలుగా తండ్రికైనా చెప్పరు. సెటిల్ చేయిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి, అక్కడ ఆ దారి లేదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది, నోటీసు వచ్చిన పన్నెండు రోజులకు గానీ అబ్బాయి మీకు చెప్పలేదు. ఎందుకు చెప్తాడండీ? వీసా వచ్చిన రోజు ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టించారు, వారం వారం ఫోన్లో అప్పు వడ్డీ గుర్తు చేస్తారు, తప్పు జరిగిందని చెప్పే చోటు వాడికి ఎక్కడ మిగిల్చారు?

పిలిపించడమా మార్చడమా అన్నారు, ఇప్పుడు రెండూ వద్దు. కేసు పెండింగ్‌లో ఉండగా మారడం కష్టం, ఇక ‘అటెండెన్స్ అడగని యూనివర్సిటీ’ అని ఎవరైనా చెబితే 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ గుర్తు తెచ్చుకోండి. అమెరికా ప్రభుత్వ హోంలాండ్ సెక్యూరిటీ శాఖ వాళ్లే పెట్టిన నకిలీ యూనివర్సిటీ అది, చిక్కుకున్న వాళ్లలో ఎంతోమంది మన తెలుగు పిల్లలు. విచారణ ఫలితం వచ్చాక, సస్పెన్షన్ అయితే అప్పుడు అప్పీల్ గురించి మాట్లాడదాం. దానికి గడువు తక్కువ, ఆ లెటర్లోనే ఉంటుంది.

అమ్మాయి విషయం కొంచెం గట్టిగానే చెబుతాను. ఇంటర్ అవ్వగానే బీఎస్‌కి పంపడం ఈ మధ్య భీమవరం, తణుకు వైపు బాగా పెరిగింది, దాని మీద నాకు నమ్మకం కుదరడం లేదు. చదువు చెడ్డదని కాదు. రెండేళ్లు రెసిడెన్షియల్లో బెల్ కొడితే లేచి, బెల్ కొడితే తిని, బెల్ కొడితే చదివిన పిల్ల. ఫోన్ కూడా ఆదివారమే. ఆ పిల్లను పదిహేడేళ్లకు ఎవరూ లేపని, ఎవరూ అడగని చోట దించి, డ్రింక్ చేయాలంటే ఇరవై ఒకటి నిండాలి, డార్మ్‌లో దొరికితే కాండక్ట్ నోటీసు, ఇలా వంద రూల్స్ తనంతట తనే పాటించాలంటే కొందరు పాటిస్తారు, చాలామంది తడబడతారు. తప్పు పిల్లలది కాదు, మనం నేర్పలేదు. నా మాట వింటే ఇక్కడే డిగ్రీ చదివించండి. హాస్టల్లో ఉండనివ్వండి, తన డబ్బు లెక్క తనే రాసుకోనివ్వండి, ఒకటి రెండు తప్పులు మీకు అందే దూరంలోనే చేయనివ్వండి. మాస్టర్స్‌కి పంపుదురుగాని.

ఇవాళ రాత్రి తొమ్మిదికి అబ్బాయికి ఫోన్ చేయండి, వాడికి అప్పుడు పగలే. అప్పు మాట ఎత్తొద్దు. నోటీసు మొత్తం వాడి చేత చదివించండి, విచారణ తేదీ ఎప్పుడో వినండి. డీఎస్‌వో దగ్గరికి వెళ్లావా అని అడగండి. ఆ తర్వాత ఎప్పుడైనా నాకు ఫోన్ చేయమనండి. వాణ్నే చేయమనండి, మీరు కాదు.