ఎల్‌సీడీలో ఉన్నవి వెలగవు కదా, మరి వెలుగునిచ్చే లిక్విడ్ క్రిస్టల్స్ ఏమిటి?

మీ ప్రశ్న ఇదీ: గుంటూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నారు. లిక్విడ్ క్రిస్టల్‌కి సొంత వెలుగు ఉండదని నేర్చుకున్నారు. మరి వెలిగేవి ఎలా ఉంటాయి, వాటిలో అన్నీ ఆరోమాటిక్ వలయాలే (బెంజీన్ లాంటి కార్బన్ వలయాలే) ఎందుకు, ప్రాజెక్టుకి తీసుకోవచ్చా అని. నేను విజయవాడలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. పీజీలో నేను చేసిన ప్రాజెక్టు ఇదే, అందుకే రాస్తున్నాను.

మీరు నేర్చుకున్నది తప్పు కాదు. ఎల్‌సీడీ టీవీలో వెలుగు వెనకాల ఉన్న దీపాలది. లిక్విడ్ క్రిస్టల్ దాన్ని పోనిస్తుంది లేదా ఆపుతుంది, అంతే. అయితే లిక్విడ్ క్రిస్టల్ అనేది పదార్థం పేరు కాదు, స్థితి పేరు: ద్రవంలా కదులుతూనే అణువులు ఒక వరస తప్పకుండా ఉండే స్థితి. ఆ అణువుకు వెలిగే గుణం కూడా ఉంటే రెండూ ఒకచోటే దొరుకుతాయి.

వెలిగే గుణం వలయాలది. వాటి మీద పరుచుకున్న π (పై) ఎలక్ట్రాన్లు కాంతిని పీల్చుకుంటాయి. అణువు బల్లపరుపుగా, బిగువుగా ఉంటే ఆ శక్తి కంపనాల్లో పెద్దగా వృథా కాకుండా మళ్లీ కాంతిగా వస్తుంది. వలయాలు పెరిగేకొద్దీ రంగు మారుతుంది. బట్టల్లో వేసే కలరా ఉండల్లోని నాఫ్తలీన్‌కి రెండే వలయాలు, అది కంటికి కనిపించని అతినీలలోహితాన్ని ఇస్తుంది. మూడు వలయాల ఆంత్రసీన్ నీలంగా, నాలుగు వలయాల టెట్రాసీన్ ఆకుపచ్చగా వెలుగుతాయి.

ఇక కదిలే గుణం తోకలది. వలయాల చుట్టూ పొడవాటి ఆల్కైల్ (కార్బన్, హైడ్రోజన్) గొలుసులు తగిలిస్తే అణువులు గట్టి స్ఫటికంగా బిగుసుకోలేవు. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం ఒకే ఒక్క బెంజీన్ వలయానికి ఆరు తోకలున్న పదార్థాలతో, పళ్లేల్లాంటి అణువులు దొంతరలుగా పేర్చుకునే లిక్విడ్ క్రిస్టల్‌ని చూపించింది. అంతకుముందు కడ్డీల్లాంటి అణువుల మీదే అందరి దృష్టీ ఉండేది. మన దేశంలో జరిగిన ఈ పని గురించి పీజీ క్లాసుల్లో చాలామంది చెప్పరు, అది నాకు బాధగా ఉంటుంది.

అసలు చిక్కు ఆ దొంతరలోనే ఉంది. నేను చేతబట్టింది తోకలున్న పైరీన్, అదీ వలయాలు కలిసిన బల్లపరుపు అణువే. ద్రావణంలో యూవీ దీపం కింద పెడితే ముచ్చటైన ఊదా నీలం. అదే చుక్క గాజు పలక మీద ఆరాక వెలవెలబోయిన ఆకుపచ్చ. శుద్ధి చాల్లేదనుకుని రెండుసార్లు మళ్లీ స్ఫటికీకరించాను. అదే రంగు! అప్పుడు మా సార్ చెప్పారు, మలినం కాదు, కాంతి పీల్చుకున్న పైరీన్ పక్కదానితో జతకట్టి ఎక్సైమర్ అవుతోందని, ఆ జత ఇచ్చే రంగు వేరని. పళ్లేలు సుమారు 0.35 నానోమీటర్ల దూరంలో అతుక్కుంటే విద్యుత్తు దొంతర వెంట బాగా నడుస్తుంది, కానీ వెలుగు తరచుగా చచ్చిపోతుంది. ఈ రెండింటి మధ్య తూకం కుదర్చడమే ఈ రంగంలో పెద్ద పని.

దీని ఛాయ ఇంట్లోనే చూడొచ్చు. దుగ్గిరాల పసుపు చిటికెడు స్పిరిట్‌లో కలిపి, దొంగనోట్లు చూసే యూవీ లైటు వేయండి (లైటు వైపు నేరుగా చూడొద్దు). ద్రావణం పచ్చగా మెరుస్తుంది. పక్కనే పొడి పసుపు అంత మెరవదు. పసుపు లిక్విడ్ క్రిస్టల్ కాదు, కానీ విడివిడిగా ఉన్న అణువుకీ గుంపులో ఉన్న అణువుకీ తేడా కంటికి కడుతుంది.

2001లో హాంకాంగ్‌లో బెన్ ఝోంగ్ టాంగ్ బృందం దీనికి తలకిందులుగా ప్రవర్తించే సైలోల్ (వలయంలో సిలికాన్ ఉన్న) అణువుల్ని చూపించింది. ద్రావణంలో వాటి వలయాలు ఫ్యాన్ రెక్కల్లా తిరిగి శక్తిని పోగొడతాయి, గుంపుగా చేరితే తిరగలేక వెలుగుతాయి. టెట్రాఫినైల్ ఎథిలీన్ కూడా ఈ కోవదే. అలాంటి మూలానికి తోకలు తగిలించడం మీ ప్రాజెక్టుకి మంచి దారి. ఇంకో లాభం కూడా ఉంది: కడ్డీల్లాంటి వెలిగే అణువుల్ని ఒకే దిక్కుకు వరసపెడితే వచ్చే కాంతి చాలావరకు ధ్రువితమై, అంటే ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది. ఎల్‌సీడీలో మామూలు ధ్రువణ పొర దాదాపు సగం కాంతిని మింగేస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఫోన్లలోని ఓఎల్‌ఈడీ తెరలతో మాత్రం వీటిని కలపకండి. వాటిలో వెలిగే పొరలు సాధారణంగా లిక్విడ్ క్రిస్టల్స్ కావు.

మన ఎండల సంగతి ముందే చెప్పాలి. పోలిక కోసం 5సీబీ అనే ప్రసిద్ధ పదార్థం తెప్పించుకున్నాను. మే నెల మధ్యాహ్నం, ల్యాబులో ఫ్యాన్లే. పాలలా ఉండాల్సిన సీసా నీళ్లలా తేటగా ఉంది. పాడైపోయిందని చాలా దిగులుపడ్డాను. అది సుమారు 24 నుంచి 35 డిగ్రీల మధ్యే లిక్విడ్ క్రిస్టల్. సాయంత్రం ఏసీ గదిలో పెడితే మళ్లీ పాలలా మారింది. అందుకే వేడిచేసే స్టేజీ ఉన్న పోలరైజింగ్ మైక్రోస్కోపు మీకు ఎక్కడ దొరుకుతుందో ముందు కనుక్కోండి, ఆ తర్వాతే అణువును ఎంచుకోండి. ప్రతి కొలత పక్కన ఉష్ణోగ్రత రాయండి. వెలుగును ద్రావణంలో ఒకసారి, ఆరిన పొరలో 30 డిగ్రీల దగ్గర ఒకసారి, 45 దగ్గర ఒకసారి కొలవండి.