టెస్టోస్టెరాన్‌కీ దూకుడుకీ సంబంధం మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేయొచ్చా?

అరవై మంది క్లాస్‌మేట్ల లాలాజలంలో టెస్టోస్టెరాన్ అనే హార్మోన్‌ని కొలిచి, దూకుడు ప్రశ్నావళి మార్కులతో పోల్చితే ఫలితం వస్తుందా అని అడిగారు. అలా చేస్తే నమ్మదగ్గ ఫలితం రావడం కష్టమండి. పీజీ సైకాలజీ ప్రాజెక్టులకు గైడ్‌గా ఉంటాను, ఈ అంశం పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు తరచూ ఉంటారు.

మనస్తత్వవేత్త జాన్ ఆర్చర్ బృందం 2005లో అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి మళ్లీ లెక్కిస్తే ఈ రెండింటి సహసంబంధం 0.08 తేలింది (సున్నా అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం). అంత చిన్నదాన్ని 80 శాతం పవర్‌తో, అంటే నూటికి ఎనభై సార్లు దొరికేలా, పట్టుకోవాలంటే దాదాపు 1,200 మంది కావాలి. అరవై మందితో అయితే అది 0.35 దాకా ఉంటేనే దొరుకుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. అబ్బాయిలనీ అమ్మాయిలనీ ఒకే గ్రాఫ్‌లో వేస్తే చక్కటి సంబంధం కనబడుతుంది. అబ్బాయిల్లో ఈ హార్మోన్ ఎన్నో రెట్లు ఎక్కువ, శారీరక దూకుడు మార్కులూ సగటున ఎక్కువే. ఆ రెండు గుంపుల తేడానే హార్మోన్ ప్రభావం అనుకుంటాం. మా విద్యార్థిని ఒకామె డేటాను విడదీసి చూపించినప్పుడు గీత దాదాపు చదునైపోయింది. ఆమె అందరి శాంపిళ్లూ ఒకే వేళకు తీసుకుంది కూడా, ఎందుకంటే టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. దూదితో తీస్తే అంకెలు తప్పుగా పెరుగుతాయి, నేరుగా ట్యూబులోకే కార్పించాలి.

మీ స్థానంలో ఉంటే నేను హార్మోన్‌ని వదిలేసి, దాని మీద జనానికున్న నమ్మకాన్ని పరీక్షిస్తాను. జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో ఐసెనెగర్, ఫేర్ తదితరులు మహిళలకు 0.5 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ గానీ ఉత్తుత్తి మందు గానీ ఇచ్చి, డబ్బు పంచుకునే ఆట ఆడించారు. 2010లో నేచర్‌లో వచ్చింది. హార్మోన్ అందినవాళ్లు ఎదుటివారికి మరింత న్యాయమైన వాటా ఇవ్వజూపారు. తమకు హార్మోన్ ఇచ్చారని నమ్మినవాళ్లు, నిజంగా ఇచ్చినా ఇవ్వకపోయినా, తక్కువ ఇవ్వజూపారు.

హాస్టల్లో ఒకడు ఇంకొకణ్ణి కొడితే "ఉడుకు రక్తం, వయసు అలాంటిది" అని పెద్దలే సర్దిచెప్పడం చూస్తుంటాను, దెబ్బలు తిన్నవాడి గురించి అడిగేవాళ్లుండరు. అందుకే ఇది నాకు ముఖ్యమైన ప్రశ్న. ఒక కొట్లాట కథ రాయండి. సగం మందికి ఇచ్చే ప్రతిలో కొట్టినవాడికి టెస్టోస్టెరాన్ ఎక్కువని ఒక్క వాక్యం చేర్చండి, తప్పు ఎంతవరకు అతనిదో అందరినీ మార్కులు వేయమనండి. ఎవరికి ఏ ప్రతి వెళ్లాలో చీటీలు తీసి నిర్ణయించండి. ల్యాబ్ ఖర్చుండదు, పక్క కాలేజీల వాళ్లనీ కలుపుకోవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి మాత్రం దీనికీ కావాలి, దరఖాస్తు ఈ నెలలోనే పెట్టేయండి.