గుండెలోకి పంపేదీ ఇంటర్నెట్ వైరేనా?

ప్రశ్న: పోయిన నెల మా నాన్నకి స్టెంట్ వేశారు. యాంజియోగ్రామ్ చాలదన్నట్టు మళ్లీ ‘ఓసీటీ’ అని సన్న తీగ పంపి చూశారు. అది ఆప్టికల్ ఫైబర్ అట! మా ఇంటికి నెట్ వచ్చేదీ దాంట్లోనేగా? లోపల గాజు విరిగితే? తలుచుకుంటేనే టెన్షన్. - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రెండూ దగ్గరి చుట్టాలేనండీ. ఓసీటీ అంటే ఆప్టికల్ కోహరెన్స్ టోమోగ్రఫీ, వెలుగుతో నాళం గోడని బొమ్మ తీసే పద్ధతి. మీ ఇంటి నెట్ బాక్స్ బయటికి పంపే వెలుగు తరంగదైర్ఘ్యం చాలావరకు 1310 నానోమీటర్లు, నాన్నగారి రక్తనాళంలోకి వెళ్లింది సుమారు 1300, రెండూ కంటికి కనబడని పరారుణ కాంతే. తేడా అంతా కొసలో ఉంది. అక్కడుండే బుల్లి లెన్సు వెలుగుని పక్కకు తిప్పి నాళం గోడ మీద వేస్తుంది, తిరిగొచ్చిన వెలుగు ఏ లోతు నుంచి వచ్చిందో యంత్రం లెక్కగట్టుకుంటుంది. ఫైబర్ సెకనుకు వంద చుట్లకు పైగా తిరుగుతూ వెనక్కి జరుగుతుంది కాబట్టి, ఐదారు సెంటీమీటర్ల నాళం రెండు మూడు సెకన్లలో బొమ్మకెక్కేస్తుంది.

యాంజియోలో కనబడేది నాళంలో పారే మందు (ఎక్స్‌రేలో కనబడేందుకు ఎక్కించే ద్రవం) నీడ మాత్రమే. పైపులో దారి ఎక్కడ సన్నబడిందో చెబుతుంది, గోడకి ఏం పేరుకుందో చెప్పలేదు. ఓసీటీ 10 నుంచి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వివరం చూపిస్తుంది, స్టెంట్ తీగ గోడకి ఆనిందా, సందు మిగిలిందా అన్నది తెలిసిపోతుంది. కాకపోతే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లే, అంతకు మించి చూడాలంటే నాళం లోపలి అల్ట్రాసౌండే నయం.

ఇక గాజు సంగతి. ఫైబర్ మందం 125 మైక్రాన్లు, అంటే వెంట్రుక కంటే కాస్త లావు. అది మిల్లీమీటరు కూడా లేని ప్లాస్టిక్ గొట్టంలోనే తిరుగుతుంది, నాళానికి తగిలేది ఆ గొట్టమే. నన్నడిగితే గాజు కన్నా మందు గురించి అడగాలి. రక్తం వెలుగుకి అడ్డం కాబట్టి చూసే ఆ కొద్ది సెకన్లూ దాన్ని పక్కకు నెట్టడానికి సాధారణంగా యాంజియో మందే ఎక్కిస్తారు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లు ఆ మాట ముందే డాక్టరుకి చెప్పాలి.

పరిశోధనల్లో డబుల్ క్లాడ్ ఫైబర్ అని ఇంకో రకం వాడుతున్నారు. మధ్యలోని సన్న దారి ఓసీటీకి, దాని చుట్టూ ఉన్న వెడల్పు పొర గోడలోని పదార్థాలు వెలువరించే మసక వెలుగుని పోగుచేయడానికి. ఆకారంతో పాటు పేరుకున్నది ఏ రకందో కూడా పట్టుకోవాలని ఆశ.

నాన్నగారి ఓసీటీ బొమ్మల కాపీ అడిగి చూడండి. గుండ్రటి బొమ్మలో వరసగా తెల్లటి మెరుపులు, ఒక్కోదాని వెనక నల్లటి నీడ కనిపిస్తే, అవే స్టెంట్ తీగలు.