రవికలు తడిశాయని రాసింది మీరే

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి, అత్తవారిది బరంపురం. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చాను. బాబు పుట్టి 26 రోజులు. నాలుగో రోజు రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఒళ్లు వెచ్చబడింది, రవికలు తడిసిపోయాయి. బాబు మాత్రం పట్టుకోలేక ఒకటే ఏడుపు. అమ్మ ఆ రాత్రే పాలడబ్బా తెప్పించింది. ‘నాకూ పడలేదు, నీకూ పడవు, మన వంశంలోనే లేవు’ అంది. నేను పుట్టినప్పుడు నాయనమ్మ అమ్మని ‘వట్టి పొదుగు’ అని దెప్పేదట. ఇప్పుడు రోజుకి ఐదు సీసాలు పడుతున్నాం. అత్తగారు రోజూ ఫోన్ చేసి సీసా మాన్పించమని సాధిస్తున్నారు. ఏ డబ్బా పాలు మంచివో, ఆవిడ నోరు మూయించేదెలాగో చెప్పండి.
– ఒక బాలింత

జవాబు: డబ్బా పేరు చెప్పను. మీ అత్తగారి నోరు మూయించే పని కూడా పెట్టుకోను. ఆవిడ మాటతీరు ఎలాంటిదో నాకు తెలియదు గానీ, ఈ ఒక్క విషయంలో చెప్పేది నిజం. (కోడళ్ల ఉత్తరాలకి జవాబిస్తూ అత్తగారి పక్షం చేరడం నాకూ అలవాటు లేని పనే.)

మీ ఉత్తరంలో నాలుగో రోజు సంగతి రెండుసార్లు చదివాను. పాలు పడటం అంటే అదేనమ్మా! పాలు లేనిదే రవికలు ఎలా తడుస్తాయి? రొమ్ము బిగిసిపోయి బిడ్డ నోటికి అందలేదు, అంతే. గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టి, చేత్తో కాసిని పాలు పిండేసి, మెత్తబడ్డాక పట్టిస్తే పట్టుకునేవాడు. ఆ వేళకి సీసా వచ్చేసింది. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయి. సీసాతో కడుపు నిండినవాడు ఎందుకు చీకుతాడు? ఇప్పుడు మీకు పాలు తగ్గాయంటే ఆ ఐదు సీసాల వల్లే తగ్గి ఉంటాయి. వంశాన్ని ఎందుకు ఆడిపోసుకోవడం?

ఇందులో మీ అత్తగారి పాత్ర తక్కువ. చిక్కు మీకూ మీ అమ్మగారికీ మధ్య ఉంది. ‘వట్టి పొదుగు’ అనిపించుకున్న మనిషి ఆవిడ. ఆ మాట కూతురు పడకూడదని అర్ధరాత్రి డబ్బా తెప్పించారు. ప్రేమే, కాదనను. కానీ మీకు పాలు పడితే ‘వంశంలోనే లేవు’ అని ఇన్నాళ్లూ చెప్పుకున్న ఊరట పోతుంది. ఆ సంగతి ఆవిడకే తెలిసి ఉండదు. మీకు ఎక్కడో తెలుసు. అందుకే కోపమంతా అత్తగారి మీద చూపించి, అమ్మ మీద ఒక్క ముక్క రాయలేదు. బాలింత మందు కాయం నూరి, నీళ్లు కాచి, రాత్రంతా మేలుకునే అమ్మకి ‘సీసా వద్దమ్మా’ అని చెప్పడానికి నోరు రాదు, నిజమే. అయినా చెప్పాలి. అమ్మ చేసిన చాకిరీకి రుణపడి ఉంటాం గానీ, ఆ రుణం బిడ్డ పాలతో తీర్చుకోకూడదు.

ముందు ఆవిడ కథ అడగండి. మధ్యాహ్నం బాబుకి నూనె రాసేటప్పుడు ‘అమ్మా, నేను పుట్టాక ఎన్నో రోజున నన్ను నీ పక్కలో వేశారు?’ అనండి. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ముర్రుపాలు పిండి పారబోసి, రెండు మూడు రోజులు పంచదార నీళ్లు పట్టేవారు. మీ అమ్మగారికీ అదే జరిగి ఉంటే, ఆవిడ ఒంట్లో లోపం ఏమీ లేదు. ఆ మాట మీ నోటి నుంచి వింటే ఆవిడ మనసు తేలికపడుతుంది.

ఎల్లుండికి బాబుకి 28 రోజులు. ఆశా దీదీ ఇంటికి రావాల్సిన రోజుల్లో అదొకటి. ఆమె వస్తే మన ఇళ్లలో కాన్పుకి ప్రభుత్వం ఇచ్చే మమత పథకం డబ్బుల సంగతి అడుగుతాం గానీ పాల సంగతి అడగం. ఈసారి అమ్మగారిని పక్కన కూర్చోబెట్టి, ఆశా దీదీ ఎదుటే బాబుకి పాలిచ్చి, పట్టు కుదిరిందో లేదో చూడమనండి. ఆమె ఒడియాలో చెబితే ఏం, పర్లాలో పుట్టినవాళ్లకి ఒడియా రాదా ఏమిటి! ఆవలించినంతగా నోరు తెరిచాకే దగ్గరికి తీసుకోండి. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నలుపు కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. నొప్పి పెడుతూనే ఉంటే పట్టు కుదరనట్టే. నోటి మూలలో వేలు పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి. పగలూ రాత్రీ కలిపి 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి.

సీసాలన్నీ ఒక్కరోజులో ఆపేయకండి. పిల్లల డాక్టర్‌కి చూపించి, తూకం వేయించి, ఆయన చెప్పినట్టు ఒక్కొక్కటీ తగ్గించండి. రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చపోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. మగతగా పడుకుని తాగకపోయినా, ఉచ్చ తగ్గినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నిజంగానే పాలు తక్కువ పడే తల్లులు కొందరు ఉంటారు. మీరు వాళ్లలో ఒకరైతే డాక్టరే చెబుతారు, అప్పుడు సీసా పట్టడంలో సిగ్గేమీ లేదు.

పథ్యం పేరుతో నీళ్లు తగ్గిస్తున్నారేమో, దాహం వేసినప్పుడల్లా తాగండి. సొరచేపతో చేసే సొరపిట్టు పెడితే తినండి, నాకూ ఇష్టమే. అన్నట్టు, మీ ఆయన ప్రస్తావన ఉత్తరంలో ఎక్కడా లేదు. బరంపురం అంత దూరమేమీ కాదు, వచ్చి రెండు రాత్రులు బిడ్డ గుడ్డలు మార్చమనండి.

అత్తగారికి మీరే ఫోన్ చేసి, సీసా తగ్గిస్తున్నానని చెప్పండి. అమ్మ ముందే చేయకండి, ఆవిడ ఓడిపోయినట్టు అనుకుంటారు. బాబు పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించే పని మాత్రం పూర్తిగా అమ్మకే వదిలేయండి.